సత్యభామ జడ: భామాకలాపపు పుట్టుకయు నియమములును



మాది కృత్తివెన్ను. ఒకవైపు వరిచేలు, ఒకవైపు ఉప్పుటేఱు, ఆవల సముద్రము. ఈ యూర బుట్టి, ఈ చుట్టుప్రక్కల బడులలో తెలుగు పండితుడుగా నుద్యోగము చేసి, ఇప్పుడు విశ్రాంతి గొనుచున్నవాడను. నేడు నేను ప్రసంగింపబూనిన విషయము మన కృష్ణాతీరమున వెలసినదే. కాని దానిని గూర్చి మాటాడవలెనను తలంపు నాకు అమెరికానుండి వచ్చిన నా దౌహిత్రుని వలన గలిగినది.

సంక్రాంతికి వాడు మా యింటికి వచ్చెను. పదునాలుగేండ్లవాడు. పండుగ మఱునాడు తన సంచినుండి పలుముఖములు గల పాచికలను దీసి, వీధియరుగుపై మా యూరి పిల్లలను నలుగురను గూర్చుండబెట్టి యొక యాట మొదలుపెట్టెను. ఆ యాటకు వైకుంఠపాళివలె పటము లేదు, చదరంగమువలె గళ్ళు లేవు. ఒకడు కథ చెప్పువాడు. తక్కినవారిలో నొకడు వీరుడు, ఒకడు మాంత్రికుడు, ఒకడు దొంగ. "ఎదుట కొండగుహ యున్నది, లోపల వెలుగు కనబడుచున్నది, ఏమి చేసెదవు?" అని కథ చెప్పువాడడుగును. వేషము బూనినవాడు "లోనికి బోయెదను" అనును. పోయినచో నేమగునో పాచికలును నియమములును దేల్చును. చీకటిపడువఱకు ఆడిరి. ఎవడు గెలిచెనని నేనడుగగా, "ఇందులో గెలవడం అంటూ ఉండదు తాతయ్యా, కథ నడుస్తూ ఉండాలి, అంతే" అని వాడు నవ్వెను.

ఆ యాట పుట్టుక నడిగి తెలిసికొంటిని. 1969లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున డేవిడ్ వెస్లీ యనునాతడు బల్లపై సేనలను నడపు యుద్ధక్రీడలో నొక మార్పు చేసి, ఆటగానికి సేనకు మాఱుగా నొక్క మనుష్యుని పాత్ర నిచ్చి చూచెనట. అతని మిత్రుడు డేవ్ ఆర్నెసన్ 1971 నాటికి కోటయు, ఊరును, చిత్తడినేలలును, కోటక్రింద సొరంగములును గల 'బ్లాక్‌మూర్' అను కల్పితసీమ నొకదానిని సృష్టించి, తన వారిని మాటిమాటికి అందు సంచరింపజేసెను. 1974లో గ్యారీ గైగాక్స్ అనువానితో గూడి యా పద్ధతిని 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను పేర బ్రకటించెను. అది నేడు దేశదేశముల నాడబడుచున్నది.

"మన వాళ్లకు ఇలాంటిది లేదా తాతయ్యా?" అని వాడడిగినప్పుడు నాకు వెంటనే బదులు తోచలేదు. పిల్లవానికి లేదని చెప్పి పండుకొంటిని. నడిరేయి మెలకువ వచ్చి, నా తెలివితక్కువకు నేనే సిగ్గుపడితిని. బందరు మీదుగా పోయినచో మా యూరికి పూట ప్రయాణము కూడ లేని కూచిపూడిలో, ఉన్నవాడు లేనివానిగా మాఱు విద్య యెన్ని తరములుగా నున్నది! పాచికలు లేవు, నిజమే; కథ ముందే నిర్ణయింపబడినది, అదియు నిజమే. కాని ఊహలో గట్టిన యొక పురము, అందు నడిపించు నొక పెద్ద, వేషము బూనిన మనుష్యులు, మీఱరాని కట్టుబాట్లు, ఇవి నాలుగును అచటనున్నవి. ఆ పురము పేరు ద్వారక. ఆ యాట పేరు భామాకలాపము.

కూచిపూడి మొవ్వ ప్రక్కనున్న యగ్రహారము. పదకర్త క్షేత్రయ్య కొలిచిన మువ్వగోపాలుడు ఆ మొవ్వ దేవుడే. కూచిపూడిలో బాలాత్రిపురసుందరీ సమేత రామలింగేశ్వరస్వామి యాలయము గలదు. పేరు కుశీలవపురి యనుమాట నుండి వచ్చినదని కొందఱు, కుచేలపురి యనుమాట నుండి వచ్చినదని కొందఱు చెప్పుదురు. కుశీలవుడనగా నటుడు, కుచేలుడనగా చినిగిన బట్టలవాడు. భాగవతుల బ్రతుకు తెలిసినవారు ఈ రెండును నొకటే యందురు గాబోలు.

కూచిపూడివారి పేరు చరిత్రలో మొదట వినబడు సందర్భము మాచుపల్లి కైఫీయతులోనిది. కైఫీయతులనగా కర్నల్ మెకంజీ యను దొర తన మనుష్యులచే ఊరూర సేకరింపించిన స్థానిక వృత్తాంతములు. విజయనగరమును వీరనరసింహరాయలు 1505 మొదలు 1509 వఱకు పాలించెను. ఆ కాలమున సిద్ధవటము సీమను సమ్మెట గురవరాజు అనువాడు ఏలుచుండెను. పన్ను చెల్లింపలేని ప్రజల యింటి స్త్రీలను వాడు చెప్పరాని హింసల పాలు చేయుచుండెను. ఆ వివరములు కైఫీయతులో నున్నవి. ఈ ప్రసంగమును ఇంటిల్లపాదియు వినుచుందురు గాన నేను చెప్పను. కూచిపూడి మేళమువారు ఆ సీమకు బోయి ఆ ఘోరము గన్నులార జూచి, విజయనగరమునకు జేరి, రాయల సన్నిధిని కేళిక బట్టిరి. వారు రాయలకు విన్నపము వ్రాసికొనలేదు, నోటితో నేరము మోపలేదు. ఒకడు గురవరాజు వేషము వేసెను, మఱియొకరు వాని భటులుగా వచ్చిరి, ఇంకొకడు పన్ను చెల్లింపలేని యింటి యాడుదిగా వచ్చెను. చూచినదంతయు నాడి చూపిరి. రాయలు సంగతి నెఱిగి సేనను బంపి గురవరాజును బట్టి తెప్పించి మరణదండన విధించెను.

ఈ కథను నేను తరగతిలో ఎన్నిమాఱులు చెప్పితినో! ప్రతిమాఱును ఒక్క ప్రశ్న నన్ను వేధించును. రాయలకు ఆ రాత్రి కేళిక రుచింపక పోయినచో ఆ నటుల తలలేమగును? సామంతుని నిందించుట రాజును నిందించుటకు జేరువ. గురవరాజు వేషము వేసినవాడును, ఆ యాడుదాని వేషము వేసినవాడును ఆ రాత్రి ప్రాణముల నొడ్డియే గజ్జె గట్టిరి. వేషమునకు గల బలము మన భాగవతులకు ఆనాడే తెలియును.

దీనివలన మఱియొక సంగతియు దెలియుచున్నది. సిద్ధేంద్రయోగి పదునేడవ శతాబ్దివాడని పలువురు పండితులు నమ్ముచున్నారు. అట్లయినచో కూచిపూడి మేళము ఆయనకు బూర్వమే కలదు. ఆయన నాట్యమును బుట్టించినవాడు కాడు. ఉన్న నటులకు ఒక పురమును, ఒక నాయికను, ఒక కట్టుబాటును ఇచ్చినవాడు. పెద్ద పని యిదియే యని నా తలంపు.

సిద్ధేంద్రుని కథ మన తీరమువారికి వేఱుగ జెప్పనక్కఱలేదు. భార్యను గొనివచ్చుటకు బోవుచు కృష్ణ దాటవలసి వచ్చెను. నడియేట వఱద ముంచుకొని వచ్చెను. ప్రాణములు దక్కినచో సన్న్యసింతునని ఆతడు నీటిలోనే యాతురసన్న్యాసము స్వీకరించి, బ్రతికి యొడ్డు జేరెను. అటుపై శ్రీకృష్ణుడే పతి, తాను సత్యభామ యను భావముతో మధురభక్తి నవలంబించి పారిజాతకథను కలాపముగా రచించెను. లోకము దానిని భామాకలాపమనెను. సత్యభామ జీవాత్మ, కృష్ణుడు పరమాత్మ, నడుమ నడచు మాధవి గురుస్థానీయ యని పెద్దలు వ్యాఖ్యానింతురు.

ఆ వ్యాఖ్యానము సమంజసమే. కాని వయసు మీఱినకొలది నా మనస్సు వేఱొక వైపునకు బోవుచున్నది. ఆవలి యొడ్డున నొక పడుచు మగని రాకకై యెదురుచూచుచుండెను గదా! ఆమెను గూర్చి కథ యేమియు జెప్పదు. కలాపములో నున్నదంతయు నేమి? అలుక బూనిన యొక భార్య, రాని మగనికై యెదురుచూచుట, లేఖ వ్రాయుట, చెలికత్తెను బ్రతిమాలుట. యోగి ఎవరి దుఃఖమును వ్రాసెనో నేను నిర్ణయింపజాలను. నా యనుమానము మీతో జెప్పుకొంటిని.

ద్వారకకు మూలము హరివంశమునందలి పారిజాతకథ. నారదుడు తెచ్చిన పారిజాతకుసుమమును కృష్ణుడు రుక్మిణి కీయగా సత్యభామ కోపగృహము జేరుట మీరెఱిగినదే. కృష్ణదేవరాయల యాస్థానమున నంది తిమ్మన ఆ కథను తెలుగున పారిజాతాపహరణమను ప్రబంధముగా వ్రాసెను. కలాపమున కలహమునకు గారణము వేఱొక విధముగ జెప్పుదురు: ఇరువురును అద్దము జూచుకొని, నీ చక్కదనమెక్కువా నా చక్కదనమెక్కువా యని వాదించుకొందురు. పువ్వుకన్న అద్దమే సంసారులకు దగ్గఱి కారణము.

ఇక నియమములు. వీనిలో గొన్ని నేను పుస్తకములలో జదివినవి, కొన్ని బాల్యమున మా తండ్రిగారి వెంట బోయి భాగవతములలో జూచినవి. కోతలు ముగిసి కుప్పలు నూర్చిన పిమ్మట మేళములు వచ్చెడివి. గుడియెదుట పందిరి, రెండు దివిటీలు, ఇద్దఱు పట్టుకొన్న యొక తెర. బొమ్మల తెరలు లేవు, మేడలు లేవు. సూత్రధారుడు తాళము చేత బట్టి ఇది ద్వారక యనును. ఆ క్షణమునుండి ఆ మట్టినేల ద్వారకయే. దేవతాస్తుతి జరిగిన పిమ్మట తెర వెనుక గజ్జెల చప్పుడు. దివిటీపై గుగ్గిలపు పొడి చల్లినప్పుడు గుప్పున మంట లేచును, పసిపిల్లలు ఉలికిపడుదురు.

అప్పుడు తెరపైనుండి సత్యభామ జడ యీవలికి జాఱును. మనిషి కనబడదు, జడయే కనబడును. నాగరము, చంద్రవంక, సూర్యవంక, చివఱ కుప్పెలు. ఆ జడ సవాలు. అభినయమునందు గాని శాస్త్రమునందు గాని నన్ను గెలువగల విద్వాంసుడు సభలో నున్నచో వచ్చి ఈ జడ గోయవచ్చును అని దాని యర్థము. సభలో బండితులు గూర్చుండు కాలమున ఇది మాటవఱుస కాదు. ఓడినచో మేళమునకు మఱి తలయెత్తు త్రోవ లేదు. విచిత్రమేమనగా వేషధారి పురుషుడు, ఆ జడ కట్టుడు జడ. కోసినచో బోవునది వెండ్రుకలు కాదు, ఊరి పరువు.

తెర తొలగిన పిమ్మట ప్రవేశదరువు. సత్యభామ తన్ను దాను నుతించుకొనుచు వచ్చును. నటుడు తానే పాడవలెను, తానే వచనము జెప్పవలెను, తానే యాడవలెను. వెనుకనున్నవారు వంతపాట మాత్రమే పాడుదురు. ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము నాలుగును ఒక్కని యందే యుండవలెనని కట్టుబాటు. ముఖమునకు అరదళము పూతయు, తేలిక కఱ్ఱతో జేసిన సొమ్ములును నాకు జ్ఞాపకము.

సూత్రధారుని పని యన్నింటికన్న గష్టమైనది. మొదటినుండి తుదివఱకు రంగము వదలడు. తాళము వేయును, పాడును, సత్యభామను బ్రశ్నించును, సభ కునుకుచున్నచో హాస్యమాడి లేపును. ఆతడే సత్యభామకు మాధవి యగును, ఆతడే కృష్ణునికడ మాధవుడగును. వేషము మార్చుకొనుట కూడ లేదు; మాటతీరు మార్చిన జాలును. సత్యభామ గ్రాంథికమున ఠీవిగా మాటాడగా మాధవి వీధిభాషలో విఱుపుమాటలాడును. పగలంతయు చేలలో నడుము వంచిన కూలీకి సత్యభామ సమాసములు తెలియకపోయినను, మాధవి నడుగు ప్రశ్నవలన సర్వమును దెలియును. మా దౌహిత్రుని యాటలో కథ చెప్పువాడు బల్ల వెనుక గూర్చుండును. మన సూత్రధారుడు కథలోనికి దిగివచ్చును. మనది యొక మెట్టు పైదని నేను వానితో వాదించితిని. వాడు సగమే యొప్పుకొనెను.

ఇంకొక నియమము. ఇల్లాలు మగని పేరు నోట బలుకరాదు. నీ మగడెవరో చెప్పక నేనెవరిని వెదకుదునని మాధవి యడుగును. చెప్పిన తప్పు, చెప్పకున్న పని సాగదు. సిగ్గుతో, సంకేతములతో, సగము మాటతో సత్యభామ దాటించుచుండును. మాధవి తెలియనట్లు నటించును. ఈ యొక్క ఘట్టమును సమర్థుడు చాలసేపు నడుపగలడు. లేఖ గొనిపోవుటకు మాధవి కూలి యడుగును, అదియు ముక్కుసొమ్మే కావలెననును. పుణ్యస్త్రీ ముక్కుసొమ్ము దీయుట యెట్లు? ఆ బేరము జరుగుచున్నప్పుడు ఆడువారు కూర్చున్న వైపునుండి వచ్చు నవ్వు నాకిప్పటికిని వినబడుచున్నది. వారి బ్రతుకే యచట నాడబడుచున్నదని వారికి దెలియును.

అయితే ఆ వేషము వేసినవాడు మగవాడు. సిద్ధేంద్రుడు తన కలాపమును కూచిపూడి బ్రాహ్మణబాలురకు నేర్పి, ఆ కుటుంబములలో బుట్టిన ప్రతి మగవాడును జీవితమున నొక్కమాఱైనను సత్యభామ వేషము గట్టవలెనని మాట దీసికొనెనని సంప్రదాయము. వేదాంతమువారు, వెంపటివారు, పసుమర్తివారు, చింతావారు, భాగవతులవారు, మహంకాళివారు మొదలగు కుటుంబములు ఆ మాటను నిలుపుకొనుచు వచ్చినవి. గోలకొండ నేలిన అబుల్ హసన్ తానీషా ఈ సీమకు వచ్చినప్పుడు వారి యాటకు మెచ్చి కూచిపూడిని అగ్రహారముగా నిచ్చెననియు, అది 1678 నాటి మాటయనియు చెప్పుదురు. తరువాత వాటాల తగవు వచ్చి 1763లో కుటుంబముల నడుమ పంపకపు పత్రము వ్రాయబడినది. కళను కాపాడినది భక్తి మాత్రమే కాదు, పొలము కూడ.

ఆ మాటవలన గలిగిన మేలు చిన్నది కాదు. రాజ్యములు పోయినను కలాపము పోలేదు. తండ్రి వేసిన జడ కొడుకు వేసెను. వెంపటి వేంకటనారాయణగారు సత్యభామగా బొందిన కీర్తిని పెద్దలు చెప్పుకొనెడివారు. 1935లో జన్మించిన వేదాంతం సత్యనారాయణశర్మగారి సత్యభామను నేను స్వయముగ జూచితిని. 1970లో వారికి పద్మశ్రీ వచ్చినది, 2012లో స్వర్గస్థులైరి. వారు తెర వెడలి వచ్చినప్పుడు నా ప్రక్కనున్న ముసలమ్మ, మగవాడని యెంత చెప్పినను నమ్మలేదు.

కాని ఆ మాటకు రెండవ వైపు గలదు. ఆడుదాని మనస్సే విషయమైన యాటలో ఆడుది అడుగిడరాదు. కూచిపూడి మేళములో ఇది తిరుగులేని నియమముగా నుండెను. గోదావరి సీమలో ఆలయముల గొలిచిన కళావంతులు తమ పద్ధతిలో భామాకలాపము నాడుచునే యుండిరి; నట్టువమేళమని దానిని వేఱుపఱచిరి. 1947లో మదరాసు రాష్ట్రమున దేవదాసీ సమర్పణ నిషేధ శాసనము వచ్చెను. ఆ స్త్రీల దుఃస్థితిని దొలగించుటకై పుట్టిన శాసనమే యైనను, గుడిలోని వారి యాట కూడ దానితో నిలిచినది. వృద్ధులైన ఆ విదుషీమణులను వెదకి, వారికడ నేర్చి, ఆంధ్రనాట్యమని పేరిడి నిలిపినవాడు నటరాజ రామకృష్ణగారు.

కూచిపూడిలోనే తలుపు తెఱచినవారు వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధముననే వారు స్త్రీలకు విద్య నేర్పిరి. పిమ్మట వెంపటి చినసత్యంగారు 1963లో మదరాసున కూచిపూడి ఆర్టు అకాడమీ నెలకొల్పి వందలకొలది బాలికలకు శిక్షణ నిచ్చిరి. నేడు కూచిపూడి యనగా లోకమునకు గనబడునది ఎక్కువగా ఆడుపిల్లలే. సిద్ధేంద్రుని మాటను అక్షరాల పాటించు మగపిల్లలు కొలదిమంది.

ఇచట నా తప్పొకటి చెప్పవలెను. ముప్పదియేండ్ల క్రిందట నొక సభలో, ఆడుది ఆడుదానిగా వేషము వేసినచో అందు విద్య యేమున్నది, జడ యున్నవారికి జడ యేల యని నేను ఎగతాళిగా మాటాడితిని. చప్పట్లు కొట్టిరి. ముందువరుసలో నొక నాట్యోపాధ్యాయిని లేచి వెడలిపోయెను. నియమము చెడినచో ఆట చెడునని నా మూర్ఖవిశ్వాసము. నియమము దేనికొఱకు బుట్టినదో నేను విచారింపలేదు. కలాపము నశింపకుండుటకై సిద్ధేంద్రుడు దానిని నాటికి దొరకిన చేతులలో బెట్టెను. చేతులు మాఱినను జడ అదియే.

నా మనుమరాలు, నా కుమారుని కూతురు, బందరులో నాట్యము నేర్చుచున్నది. పండ్రెండేండ్లది. మొన్న మాఘమాసమున మా ప్రక్క గ్రామపు గుడియెదుట దాని చేత భామాకలాపములోని ప్రవేశఘట్టము ఆడించిరి. వేదిక యున్నను, విద్యుద్దీపములున్నను, గురువుగారు పట్టుబట్టి తెర పట్టించిరి. ఒక కొస పట్టుకొన్నవాడు అమెరికా దౌహిత్రునికి మేనమామ, అనగా నా కుమారుడే. నా ప్రక్క గూర్చున్న నా యీడు మిత్రుడు, "పంతులుగారూ, ఆడపిల్ల జడ వేసి సవాలు చేయడమేమిటండీ, మీరైనా చెప్పకూడదా?" అనెను. ముప్పదియేండ్ల నాటి నా మాటనే నాకు దిరిగి యిచ్చెను.

నేను బదులు చెప్పునంతలో తాళము మ్రోగినది. జడ తెరపైనుండి జాఱినది. నాగరమును కుప్పెలును మా యింటివి, మా తల్లిగారివి; జడ మాత్రము దాని స్వంతము. గురువుగారు సవాలు చదివి సభను గలయజూచిరి. ఎవరును లేవలేదు. నా మిత్రుడు కండువా సవరించుకొని, కాలు మడచి, ముందునకు జరిగి కూర్చుండెను.